పెరట్లో పది అడుగుల డిష్

పది అడుగుల సి-బ్యాండ్ డిష్ దగ్గరికి వెళ్లి చూస్తే కరెంటుతో నడిచేది పెద్దగా ఏమీ కనిపించదు. వంచిన అల్యూమినియం జాలీ, దాన్ని పట్టి ఉంచే రిబ్బులు, వెనక ఒక ఇనుప గుంజ. ఎదురుగా మూడు నాలుగు కాళ్ల మీద నిలబెట్టిన చిన్న డబ్బా ఒక్కటే కాస్త యంత్రంలా ఉంటుంది. పెరట్లో ఇలాంటిది పాతుకుని, ఎవరికీ నెల చందా కట్టకుండా ఆకాశం నుంచి టీవీ చూసే సరదా 1970ల నాటిది. ఈ సరదా ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే మాటలు రిసీవర్ల మీదికీ ఫ్రీక్వెన్సీల మీదికీ పోతాయి. డిష్ ఊసు ఎత్తేవాళ్లు తక్కువ. అది ఇనుప సామాను కింద జమ. నాకు మాత్రం పనితనమంతా ఆ జాలీలోనే, ఆ గుంజ తలమీద బిగించిన నాలుగు బోల్టుల్లోనే కనిపిస్తుంది. రిసీవర్ దుకాణంలో దొరుకుతుంది. మూడు మీటర్ల చట్రాన్ని మిల్లీమీటర్ల లెక్కన నిలబెట్టడం చేత్తో చేసి నేర్చుకోవాల్సిన విద్య.

ఆ మిల్లీమీటర్ల పట్టింపు ఎందుకో తెలియాలంటే పైనుంచి వచ్చేది ఎంత తక్కువో చూడాలి. 1975 డిసెంబరులో అమెరికాలో ఆర్‌సీఏ సంస్థ పంపిన శాట్‌కామ్-1 ఉపగ్రహంలో ప్రసారాలను అందుకుని కిందికి పంపే ట్రాన్స్‌పాండర్లు 24 ఉండేవి. ఒక్కోదాని శక్తి 5 వాట్లు. ఒకప్పుడు మన పడగ్గదుల్లో రాత్రంతా వెలిగిన పాతకాలపు జీరో బల్బు తినే కరెంటు అంతకన్నా ఎక్కువ. ఆ 5 వాట్లను భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఒక ఖండమంతా పరిచి చల్లారు. తర్వాత వచ్చిన ఉపగ్రహాలు శక్తి పెంచుకున్నాయిగానీ దూరం తగ్గలేదు. పెరట్లో డిష్ చేసే పని ఒక్కటే: ఏడు చదరపు మీటర్ల మేర పడిన ఆ పలుచని తడిని ఒక్క చోటికి కూడగట్టడం. మూడు మీటర్ల డిష్ 4 గిగాహెర్ట్‌జ్ దగ్గర దాదాపు పదివేల రెట్ల బలం ఇస్తుంది. అదీ పైసా కరెంటు ఖర్చు లేకుండా, ఒట్టి ఆకారంతో.

ఆ ఆకారం పరావలయం. ఎదురుగా సమాంతరంగా వచ్చిన తరంగాలన్నీ దానిమీద ఎక్కడ తగిలినా ఒకే నాభికి, ఒకే సమయంలో చేరతాయి. కీలకం ఆ ఒకే సమయంలోనే ఉంది. సి-బ్యాండ్ తరంగదైర్ఘ్యం సుమారు 7.5 సెంటీమీటర్లు. డిష్‌లో ఒక భాగం కాస్త లోపలికో బయటికో వంగితే అక్కడి నుంచి వచ్చిన తరంగం కాస్త ముందో వెనకో చేరి తోటి తరంగాన్నే దెబ్బ తీస్తుంది. జాన్ రూజ్ అనే అమెరికన్ ఇంజనీరు 1966లో ఈ నష్టానికి పూర్తి సిద్ధాంతం రాశాడు. ఆ సూత్రం ప్రకారం, ఉపరితలంలో సగటున 3 మిల్లీమీటర్ల తేడా ఉంటే సి-బ్యాండ్‌లో ఐదో వంతు బలం పోతుంది. తేడా 6 మిల్లీమీటర్లయితే మూడింట రెండు వంతులదాకా పోతుంది. ఇప్పటి ఇళ్ల మీది చిన్న డిష్‌లు వాడే కేయూ-బ్యాండ్‌లో తరంగదైర్ఘ్యం 2.5 సెంటీమీటర్లే కాబట్టి అక్కడ 3 మిల్లీమీటర్ల తేడాకే పదింట తొమ్మిది వంతులు గాలికి పోయినట్టే. రవాణాలో లారీ మీద ఒక మూల నొక్కుకుపోయిన డిష్‌ని "ఏం కాదులే, గుండ్రంగానే ఉందిగా" అని బిగించేవాళ్లను చూసినప్పుడు నాకు ఈ లెక్కే గుర్తొస్తుంది. గుండ్రంగా ఉంటే చాలదు.

వంకర తిరిగిందో లేదో పట్టుకునే పద్ధతి మాత్రం ఎంత తేలికో. అంచు మీద ఎదురెదురుగా రెండు దారాలు బిగువుగా లాగి, ఒకదానికొకటి అడ్డంగా వచ్చేలా కట్టాలి. రెండూ నడిమధ్యన ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతే అంచు ఒకే తలంలో ఉన్నట్టు. మధ్యలో సందు కనిపిస్తే డిష్ మెలికపడ్డట్టు. అయితే కింది దారం పైదాన్ని నెట్టేస్తున్నా ఆనుకున్నట్టే కనిపిస్తుంది కాబట్టి, దారాలను కిందిమీదుగా మార్చి ఇంకోసారి చూడటం జాగ్రత్తగల పనివాడి లక్షణం. అవే దారాలు ఇంకో పనికీ వస్తాయి. అవి కలిసే చోటి నుంచి డిష్ అడుగుదాకా లోతు కొలిచి, వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, వచ్చినదాన్ని లోతుకు 16 రెట్లతో భాగిస్తే నాభి ఎంత దూరంలో ఉందో తేలుతుంది. 3 మీటర్ల డిష్ లోతు 47 సెంటీమీటర్లు ఉందంటే నాభి అటూ ఇటూగా 1.2 మీటర్ల దగ్గర. తయారీదారు కాగితం పోయినా, ఏ కంపెనీదో తెలియకపోయినా ఒక నూలు ఉండ, ఒక టేపు చాలు.

జాలీ సంగతీ తరంగదైర్ఘ్యమే తేలుస్తుంది. రంధ్రం తరంగదైర్ఘ్యంలో పదో వంతుకు మించకపోతే తరంగానికి అది రంధ్రంలా అనిపించదు, నిండు రేకులాగే తిప్పికొడుతుంది. అందుకని సి-బ్యాండ్ జాలీ కన్నాలు కొద్ది మిల్లీమీటర్లే ఉంటాయి. వెలుతురు దూరిపోతుంది, వాన కారిపోతుంది, అవతలి చెట్టు కనిపిస్తూనే ఉంటుంది, టీవీ మాత్రం అటు పోదు. ఇంకా పొడవాటి తరంగమైతే ఇంకా పెద్ద కన్నాలు చెల్లుతాయి. అందుకు మంచి సాక్ష్యం మన గడ్డమీదే నిలబడింది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహంతో మన దేశంలో 'సైట్' ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు నేరుగా టీవీ. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. తెలుగు కార్యక్రమాల తయారీకి హైదరాబాదులో కేంద్రం పెట్టారు. సెట్లు చేసింది హైదరాబాదు ఈసీఐఎల్. ఊళ్లో నిలబెట్టిన పది అడుగుల డిష్‌కి వాడింది కోళ్లగూళ్లకు కొట్టే వల. అది పేదరికపు సర్దుబాటు అనుకుంటే పొరపాటు. ఆ ప్రసారం 860 మెగాహెర్ట్‌జ్‌లో వచ్చింది. తరంగదైర్ఘ్యం 35 సెంటీమీటర్లు. ఆ తరంగానికి కోళ్లవల నిండు గోడతో సమానం. అంతకన్నా సన్నని జాలీ వేస్తే బరువూ ఖర్చూ పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఎంత నేర్పు అవసరమో అంతే వాడి, ఆపై ఒక్క తీగ కూడా వృథా చేయని ఆ డిష్‌ని నేను ఈ విద్యలో పాఠ్యపుస్తకంలా భావిస్తాను.

సరదా చరిత్ర కూడా ఆ ప్రసారంతోనే ముడిపడింది. ఇంగ్లండులో షెఫీల్డ్ దగ్గర స్టీఫెన్ బర్కిల్ అనే బీబీసీ ఇంజనీరు ఇంటి దగ్గర సొంతంగా కట్టుకున్న పరికరాలతో ఏటీఎస్-6 నుంచి మన పల్లెల కోసం దిగుతున్న బొమ్మను పట్టాడు. ప్రసారం గురిపెట్టింది భారతదేశం మీదికి. షెఫీల్డ్‌లో దొరికింది దాని అంచుల్లోని మిగులు మాత్రమే. భూస్థిర కక్ష్య ఊహను 1945 అక్టోబరు 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో వివరించిన ఆర్థర్ సి. క్లార్క్ ఇంట్లో, కొలంబోలో, ఇస్రో ఇంజనీర్లే వెళ్లి ఒక డిష్ పెట్టి వచ్చారు. ఊహించిన మనిషి తన ఇంట్లోనే కూర్చుని దాన్ని చూశాడు. అంత అదృష్టం ఎంతమందికి పడుతుంది?

అమెరికాలో మొదటి పేరు టేలర్ హోవర్డ్‌ది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. కేబుల్ కంపెనీల కోసం హెచ్‌బీఓ చానెల్ ఉపగ్రహం మీదికెక్కిన మరుసటి ఏడాదే, 1976లో, కాలిఫోర్నియాలోని తన ఇంటి దగ్గర మిగులు సామానుతో డిష్ కట్టి ఆ చానెల్‌ని చూశాడు. ఊరికే చూడటం ధర్మం కాదనిపించి హెచ్‌బీఓకి 100 డాలర్ల చెక్కు పంపాడు. మేం పెద్ద కేబుల్ కంపెనీలతోనే వ్యవహరిస్తాం అంటూ వాళ్లు చెక్కు తిప్పి పంపారు. ఆయన ఎలా కట్టాలో చెప్పే పుస్తకం రాశాడు. 1979 అక్టోబరులో ఇళ్ల డిష్‌లకు లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వం తేల్చింది. అదే ఏడు నీమన్ మార్కస్ దుకాణం క్రిస్మస్ పట్టికలో ఇంటి డిష్ ధర 36,500 డాలర్లు. కొద్దికాలంలోనే ఆ ధర కుప్పకూలి పల్లెటూళ్ల రైతులు కూడా కొనగలిగేంతకు దిగింది.

హోవర్డ్ గురించి ఇంకొక సంగతి చెబితేగానీ నాకు తృప్తి లేదు. ఆయన భాగస్వామితో కలిసి పెట్టిన చాపరల్ సంస్థ చేసిన ఫీడ్‌హార్న్ చేతిలోకి తీసుకుని చూడాలి. నాభి దగ్గర నిలబడే డబ్బా మూతి అది. మధ్యలో గుండ్రని గొట్టం, చుట్టూ ఒకదానిలో ఒకటిగా అల్యూమినియం వలయాలు. అలంకారం అనుకుంటారు చాలామంది. ఆ వలయాలు చేసే పని చూపుకు హద్దు గీయడం. డబ్బా డిష్ మొత్తాన్నీ చూడాలి, అంచు దాటి అవతలికి మాత్రం చూడకూడదు. ఎందుకంటే 4 గిగాహెర్ట్‌జ్ దగ్గర ఆకాశం చాలా చల్లన, నేల మాత్రం దాదాపు 290 కెల్విన్ల వేడి. ఏ వేడి వస్తువైనా ఆ తరంగాల్లో రొద పుట్టిస్తుంది. చూపు అంచు దాటితే డిష్ వెనకున్న నేల రొద వచ్చి చేరుతుంది. చూపు మరీ కుదించుకుంటే అంచు దగ్గరి జాలీ అంతా దండగ. లోతు ఎక్కువున్న డిష్‌కి వెడల్పు చూపు, లోతు తక్కువున్న డిష్‌కి ఇరుకు చూపు కావాలి. అందుకే వలయాన్ని గొట్టం మీద ముందుకీ వెనక్కీ జరపొచ్చు. పక్కన చిన్న గీతలు చెక్కి ఉంటాయి: 0.32, 0.36, 0.40 అంటూ. నాభి దూరాన్ని వ్యాసంతో భాగించి వచ్చిన సంఖ్య దగ్గర వలయాన్ని బిగిస్తే సరి. ఇందాక దారాలతో చేసిన లెక్క వచ్చి ఈ గీత మీద కూర్చుంటుంది. గీతల వెంట అర సెంటీమీటరు జరిపి చూసినప్పుడు సిగ్నల్ మీటరు ముల్లు కదిలే తీరు తెలిసినవాడికి ఇక ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు.

గొట్టం లోపల ఇంకో నేర్పు. ఉపగ్రహం ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు ప్రసారాలు పంపగలదు, ఒకటి అడ్డంగా ఊగే తరంగంగా, ఒకటి నిలువుగా. ఏది కావాలో ఎంచుకోడానికి పాత అమెరికన్ ఫీడ్‌లలో ఒక చిన్న సర్వో మోటారు లోపలి రాగి పుల్లను గిర్రున పావు చుట్టు తిప్పేది. ఇప్పటి ఎల్.ఎన్.బి.లకు, అంటే ఫీడ్ వెనక సిగ్నల్‌ని పెంచి ఇంట్లోకి పంపే పెట్టెలకు, పుల్ల తిరగక్కర్లేదు. రిసీవర్ పంపే ఓల్టేజి 13 అయితే ఒకటి, 18 అయితే ఇంకొకటి. సులువే, కానీ ఒక చిక్కు మిగిలింది. ఆకాశపు వంపు వెంట పక్కకు పోయేకొద్దీ ఉపగ్రహం మన కంటికి ఒరిగి కనిపిస్తుంది కాబట్టి నిశ్చలంగా బిగించిన డబ్బాని కొన్ని డిగ్రీలు తిప్పాల్సి వస్తుంది. కొన్ని ఉపగ్రహాలు సుడి తిరిగే తరంగం పంపుతాయి. వాటికోసం సరదాగాళ్లు గొట్టం నోట్లో 45 డిగ్రీల ఏటవాలుగా ఒక టెఫ్లాన్ పలక దూరుస్తారు. ఆ పలక సుడి తరంగాన్ని తిన్ననిదిగా మార్చేస్తుంది. తీగ లేదు, సోల్డర్ లేదు, తెల్లని ప్లాస్టిక్ ముక్క. ఈ విద్యలో నాకు బాగా నచ్చిన పనిముట్టు అదే.

ఎల్.ఎన్.బి. లోపలి సర్క్యూటు గురించి ఎక్కువ చెప్పను. 3.7 నుంచి 4.2 గిగాహెర్ట్‌జ్ దాకా వచ్చినదాన్ని 5,150 మెగాహెర్ట్‌జ్‌తో కలిపి 950–1,450 మెగాహెర్ట్‌జ్‌కి దించుతుంది, అప్పుడే అది మామూలు కేబుల్ గుండా ఇంట్లోకి రాగలదు. ఒకప్పుడు 120 కెల్విన్ల సొంత రొద ఉంటే గొప్ప. ఇప్పుడు పెట్టెల మీద 15, 17 అని అచ్చేస్తున్నారు. ఆ అంకెల్ని నేను సగమే నమ్ముతాను.

ఇక గుంజ తలమీదున్న మౌంటు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

సమస్య చూడండి. భూస్థిర ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖ మీద ఒకే వలయంలో ఉంటాయి. మన కంటికి ఆ వలయం తూర్పు దిగంతం నుంచి లేచి, దక్షిణాన శిఖరం తాకి, పడమట దిగే విల్లులా కనిపిస్తుంది. ఒక ఉపగ్రహం నుంచి ఇంకోదానికి పోవాలంటే పక్కకీ తిరగాలి, ఎత్తూ మారాలి. రెండు కదలికలు, రెండు మోటార్లు. పోలార్ మౌంటు దీన్ని ఒక్క కదలికకు, ఒక్క మోటారుకు కుదించేస్తుంది. డిష్ తిరిగే ఇరుసును భూమి తిరిగే ఇరుసుకు సమాంతరంగా పెట్టడమే కిటుకు. అంటే ఇరుసు ఉత్తర కొస ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. హైదరాబాదులో అది దిగంతానికి సుమారు 17.4 డిగ్రీల పైన, అమెరికా నడిమి రాష్ట్రాల్లో 40 డిగ్రీల దగ్గర. జైపూర్ జంతర్ మంతర్‌లో సమ్రాట్ యంత్రపు ఏటవాలు గోడ కూడా ఇదే కారణంతో ఆ ఊరి అక్షాంశమంతే ఒరిగి ఉంటుంది. ఖగోళ దూరదర్శినులదీ ఇదే పద్ధతి.

అయితే నక్షత్రాలకు సరిపోయింది ఉపగ్రహాలకు పూర్తిగా సరిపోదు. నక్షత్రం అనంత దూరంలో ఉంది, ఉపగ్రహం పెరటి గోడ అవతల ఉన్నట్టే లెక్క. మనం భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నాం కాబట్టి దాన్ని కొద్దిగా కిందికి చూడాలి. అందుకని ఇరుసు మీద డిష్‌ని ఇంకొంచెం వంచి బిగిస్తారు. అదే డిక్లినేషన్ కోణం. 40 డిగ్రీల అక్షాంశంలో అది 6.3 డిగ్రీలు. హైదరాబాదులో 3 డిగ్రీలే. ఈ రెండు కోణాలూ సరిగ్గా కుదిరితే ఇక డిష్ తూర్పు నుంచి పడమటికి ఒక్క ఊపులో తిరుగుతూ ప్రతి ఉపగ్రహం ముఖంలోకీ చూస్తుంది. అప్పటికీ విల్లు కొసల దగ్గర రవ్వంత తేడా మిగులుతుంది. దాన్ని చంపడానికి నేర్పరులు ఇరుసును అర డిగ్రీకి అటూ ఇటూగా ఎక్కువ ఒరిపి, డిక్లినేషన్‌ని ఆ మేరకు తగ్గిస్తారు. శిఖరం దగ్గర కూడికా తీసివేతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కొసల దగ్గర మాత్రం లాభం మిగులుతుంది. ఎవరు ముందు ఆలోచించారోగానీ చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఇదంతా ఎంత సన్నని గురి మీద ఆధారపడిందంటే, 3 మీటర్ల డిష్ చూపు వెడల్పు 1.75 డిగ్రీలు. అమెరికా ఆకాశంలో ఉపగ్రహాలు 2 డిగ్రీల ఎడంలో వరుస కట్టి ఉన్నాయి. డిష్ ఇంకా చిన్నదైతే పక్కింటివాడూ చూపులో పడతాడు. పది అడుగుల కొలత ఎవరో మొక్కుబడిగా పెట్టుకున్నది కాదని అర్థమవుతుంది. అంచుని 13 మిల్లీమీటర్లు నెడితే గురి అర డిగ్రీ తప్పుతుంది.

అందువల్ల గుంజ పాతేటప్పుడే పని మొదలవుతుంది. గుంజ నిట్టనిలువుగా ఉండాలి. రసమట్టాన్ని గుంజకు ఒక పక్క ఆనించి చూస్తే చాలదు, పావు చుట్టు తిరిగి ఇంకో పక్క కూడా చూడాలి. కాంక్రీటు గట్టిపడే ముందు ఇంకోసారి చూడాలి. గుంజ వంకరగా ఉంటే పైన ఎన్ని కోణాలు దిద్దినా ఒక ఉపగ్రహం దగ్గర కుదిరింది ఇంకోదాని దగ్గర చెడుతుంది. తర్వాత ఉత్తర దక్షిణాలు. హైదరాబాదు వైపు దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరానికి దాదాపు ఒక డిగ్రీ లోపే తప్పుతుంది. కొన్ని అమెరికన్ రాష్ట్రాల్లో పది డిగ్రీలకు మించి తప్పుతుంది. కానీ అంత ఇనుము పక్కన దిక్సూచిని ఎవరు నమ్ముతారు? సూర్యుడు నడినెత్తికి వచ్చిన క్షణాన, అంటే గడియారపు పన్నెండు కాదు, ఆ ఊరి అసలు మధ్యాహ్నాన, గుంజ నీడ ఎటు పడిందో అటు గీత గీస్తే అదే ఉత్తర దక్షిణ రేఖ.

ఆపైన దిద్దుబాటు. దక్షిణాన ఉన్న ఉపగ్రహాన్ని పట్టి ఎత్తు కుదర్చాలి. తర్వాత డిష్‌ని తూర్పు కొసకు తిప్పి, అక్కడి ఉపగ్రహం దగ్గర అంచుని చేత్తో మెల్లగా పైకెత్తి చూడాలి. మీటరు పెరిగిందా? పడమటి కొసకు పోయి అదే చేయాలి. తూర్పున ఎత్తితే పెరిగి, పడమట దించితే పెరిగిందంటే మౌంటు గుంజ మీద పడమటికి తిరిగి ఉంది. వెంట్రుకవాసి తూర్పుకు తిప్పాలి. రెండు కొసల్లోనూ ఎత్తమనే అడుగుతుంటే దోషం కోణాల్లో ఉంది. చేత్తో అంచుని ఎత్తి దించే ఈ పరీక్షకు ఏ పరికరమూ సాటిరాదు. పాతకాలపు కేబుల్ ఆపరేటర్లు డాబాల మీద దీన్ని చేసిన తీరు చూసినవాళ్లకు తెలుసు. ఒకడు డిష్ దగ్గర, ఒకడు కింద టీవీ ముందు, మధ్యలో మెట్ల మీద ఇంకొకడు "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరుస్తూ.

అంతా అయ్యాక సూర్యుడే వచ్చి మార్కులు వేస్తాడు. ఏడాదికి రెండుసార్లు, హైదరాబాదు నుంచి చూస్తే మార్చి నడుమా, అక్టోబరు మొదట్లోనూ, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహాల వెనకగా నడుస్తాడు. ఆ కొన్ని నిమిషాలు సూర్యుడి రొదలో బొమ్మ మునిగిపోతుంది. కేబుల్ టీవీ ప్రేక్షకులకు అది అంతరాయం. సరదాగాడికి పరీక్ష. బొమ్మ పోయిన క్షణాన ఫీడ్ డబ్బా నీడ డిష్ నట్టనడుమ పడిందంటే గురి కుదిరినట్టు, డబ్బా నాభి మీద తిన్నగా నిలబడినట్టు. నీడ పక్కకు పడితే ఎటు తప్పిందో కూడా అదే చెబుతుంది. నున్నగా మెరిసే రంగు వేసిన నిండు డిష్‌లకు, సూర్యుడు ఎదురుగా వచ్చే ఆ రోజుల్లో ఒక ప్రమాదం ఉంది. తరంగాలతో పాటు ఎండనూ నాభి దగ్గర పోగేసి డబ్బా మూతను కరిగిస్తాయి. మెరుపులేని రంగు వేయడం అందంకోసం కాదు.

ఉచితం అన్న మాటకు వద్దాం. 1986 జనవరిలో హెచ్‌బీఓ తన ప్రసారానికి పూర్తిగా తాళం వేసింది. వరసగా మిగతావీ వేశాయి. ఆ ఏప్రిల్లో ఫ్లోరిడాలో డిష్‌లు అమ్మే ఒకతను 'కెప్టెన్ మిడ్‌నైట్' పేరుతో ఉపగ్రహానికే ఎదురు సిగ్నల్ పంపి, హెచ్‌బీఓ తెర మీద తన నిరసన రాతని కొన్ని నిమిషాలు నిలబెట్టాడు. దొరికిపోయాడు కూడా. డిష్ అమ్మకాలు పడిపోయాయి. తర్వాత చిన్న కేయూ డిష్‌లు వచ్చాక పెద్దవి చాలావరకు తీగలు పాకించుకునే పందిళ్లయ్యాయి. మిగిలినవాళ్లు తాళం లేనివాటితోనే సరిపెట్టుకుంటారు. తాళాలు పగలగొట్టడం వేరే వృత్తి, అది ఈ సరదాలో లెక్కకు రాదు. తాళం లేనివీ తక్కువేం కాదు: స్టేషన్లకు పంపే నెట్‌వర్క్ ప్రసారాలు, పరదేశపు చానెళ్లు, అప్పుడప్పుడు ఏ వార్తావాహనం నుంచో స్టూడియోకి పోతున్న అతుకులేని ముడి దృశ్యం. విలేకరి మైకు పట్టుకుని తన వంతు కోసం ఎదురుచూస్తూ తల దువ్వుకుంటాడు. అలాంటి ఐదు నిమిషాలు దొరికిన రోజు ఈ జాతి జనానికి పండగ.

మన దగ్గర ఈ డిష్‌లు నిలబడిన దారి వేరు. 1991లో స్టార్ టీవీ చానెళ్లు ఆసియాశాట్-1 మీద మొదలైనప్పుడు వీధివీధినా కేబుల్ ఆపరేటర్లు డాబాల మీద 105.5 డిగ్రీల తూర్పు వైపు డిష్‌లు తిప్పారు. ఆ ఉపగ్రహానిదీ ఒక కథే. 1984లో వెస్టార్-6 పేరుతో వెళ్లి కక్ష్య తప్పితే, అదే ఏడు అంతరిక్ష షటిల్ వ్యోమగాములు దాన్ని పట్టి కిందికి తెచ్చారు. బాగుచేసి 1990లో చైనా రాకెట్ మీద మళ్లీ పంపారు. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక తెలుగు ఊళ్లలో డిష్‌ల సంఖ్య ఇంకా పెరిగింది. మన ఆపరేటర్లకు పోలార్ మౌంటు అవసరం పడలేదు. ఒక్కో ఉపగ్రహానికి ఒక్కో డిష్ బిగించి వదిలేశారు. అదొక రకంగా నిక్కమైన పనే, ఎప్పటికీ కదలదు. సరదాకోసం పెట్టుకునేవాళ్లకే ఒక్క డిష్‌తో 66 డిగ్రీల ఇంటెల్‌శాట్-17 నుంచి 93.5 డిగ్రీల మన ఉపగ్రహాల మీదుగా 105.5 దాకా తిరగాలన్న యావ.

ఉచిత టీవీ కావాలంటే దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఉంది, రెండడుగుల డిష్ చాలు. ఆ మాట నిజమే. కానీ జోరువానలో కేయూ బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోతుంది. 7.5 సెంటీమీటర్ల సి-బ్యాండ్ తరంగం మాత్రం వానచినుకుల్ని పెద్దగా పట్టించుకోదు. ఇక్కడ అసలు శత్రువులు వేరు. విల్లు శిఖరం దగ్గరి ఉపగ్రహాలు మనకు దాదాపు 70 డిగ్రీల ఎత్తులో, ఇంచుమించు తల మీదే ఉంటాయి కాబట్టి నిండు డిష్ వెల్లకిలా పడుకుంటుంది. నీళ్లూ ఆకులూ నిలుస్తాయి, అడుగున కన్నం వేయకపోతే తుప్పు ఖాయం. కోస్తాలో గాలి. గంటకు 100 కిలోమీటర్ల గాలి ఎదురుగా కొడితే 3 మీటర్ల నిండు డిష్ మీద 400 కిలోల పైచిలుకు తోపు పడుతుంది. జాలీ అయితే గాలి పోతుందిలే అనుకుంటారుగానీ అంత సన్నని కన్నాల గుండా తుపాను గాలి అంత తేలిగ్గా పోదు. ఈ మధ్య 5జీ కూడా తోడైంది. మన దేశంలో దానికి 3.67 గిగాహెర్ట్‌జ్ దాకా ఇచ్చారు, మన ఎల్.ఎన్.బి. చెవులు 3.7 దగ్గర మొదలవుతాయి. అమెరికాలో ఏకంగా 3.98 దాకా వేలంలో 81 వందకోట్ల డాలర్లకు పోయింది. పక్కన టవరు ఉంటే ఫిల్టరు ఉన్న ఎల్.ఎన్.బి. తప్పదు.

కేబుల్ డిజిటల్ అయ్యాక చిన్న ఆపరేటర్ల డిష్‌లు చాలా డాబాల మీద ఖాళీగా మిగిలాయి, కొన్ని పాత ఇనుము కొట్లకు చేరాయి. కొనాలనుకునేవాళ్లు రంగు చూడొద్దు. ముందు దారాలు కట్టి చూడాలి. తర్వాత అంచు పట్టుకుని ఊపాలి. మౌంటు ఇరుసు దగ్గర బుష్ అరిగిపోయి ఉంటే చేతికి తెలుస్తుంది, అంచు వేలెడంత కొట్టుకుంటుంది. బుష్ ఏ లేతు పనివాడైనా వందల్లో చేసిస్తాడు, దానికి జంకక్కర్లేదు. రిబ్బుల దగ్గర రివెట్లు వదులైతే కొత్తవి కొట్టొచ్చు. జాలీలో చిన్న చిరుగులకు అల్యూమినియం జాలీ ముక్క కట్టు తీగతో కుట్టొచ్చు. అంచు చట్రమే మెలిక తిరిగి దారాల మధ్య వేలు దూరేంత సందుంటే మాత్రం బేరం ఎంత చవకైనా వదిలేయండి.